సర్వీసు మాన్యువల్ చదువుటకు ఎట్టి పరికరము కొనవలెను?

గత వేసవిలో మా ఊరి పొలములో ఒక ట్రాక్టరు నిలిచిపోయెను. మన పాఠశాలలోనే చదివి, ఐ.టి.ఐ. ముగించి, మరమ్మతు పనిలో మంచి పేరు తెచ్చుకొనిన యువకుడొకడు దానిని బాగుచేయుటకు వచ్చెను. హెడ్డు విప్పి, గాస్కెట్టు మార్చి, బోల్టులను తిరిగి బిగించుచుండెను. ఏ బోల్టును ఎంత బిగువుతో బిగించవలెనో తెలుపు పట్టిక అతని ఫోనులోని సర్వీసు మాన్యువల్‌లో కలదు. మిట్టమధ్యాహ్నపు ఎండ. 68 న్యూటన్-మీటర్లు అని ఉన్నదానిని అతడు 88 అని చదివెను. మూడవ బోల్టు పుటుక్కున తెగి, దాని కాడ ఇంజను బ్లాకులోనే చిక్కుకొనెను. దానిని వెలికి తీయుటకు రెండు దినములు పట్టెను. యజమానికి దుక్కి అదను తప్పిపోయెను.

ఆ యువకునికి పని రాక కాదు, కంటిచూపు ఆనక కాదు. అతడు చదివిన పరికరము ఆ పుటకు చాలలేదు.

హోసూరు చుట్టుప్రక్కల కర్మాగారములలోను, పంపుసెట్లు, జనరేటర్లు, లిఫ్టులు బాగుచేయు పనులలోను మన పిల్లలు అనేకులు ప్రవేశించుచున్నారు. ఇట్టి పనికి టాబ్లెట్ కొనవలెనా, చదువుటకే ప్రత్యేకించిన పరికరము కొనవలెనా, ఫోను చాలునా అని తల్లిదండ్రులు అడుగుచుందురు. దుకాణమువారు కెమెరాను గూర్చియు, జ్ఞాపకశక్తిని గూర్చియు చెప్పుదురు. ఈ పనికి ఆ రెండింటికంటె ముందు చూడవలసినది తెర వెడల్పు.

మాన్యువల్ పుటలు పెక్కింటిని ఎ4 కాగితము కొలతకు తయారు చేయుదురు. దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297 మిల్లీమీటర్లు. 6.5 అంగుళముల ఫోను తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లే. పుట అంతయు దానిలో ఇమిడినప్పుడు, కాగితముపై రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఉండు అంకె ఒక మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు కుదించుకొనిపోవును. అప్పుడు 6కును 8కిని భేదమేమి కనబడును? 2.5 అను సంఖ్యలో బిందువు అసలు కనబడకపోవచ్చును. పాత మాన్యువళ్లలో బిగువును కిలోగ్రాము-మీటర్లలో ఇచ్చుట కలదు, 2.5 కిలోగ్రాము-మీటర్లు సుమారు 24.5 న్యూటన్-మీటర్లకు సమానము. బిందువు మాయమైనచో పొరపాటు పది రెట్లగును. ఫోనును అడ్డముగా త్రిప్పినచో అక్షరము పెద్దదగును గాని, పుటలో మూడవ వంతు మాత్రమే కనబడును; పట్టిక శీర్షిక పైకి పోయి అంకెలు మాత్రము మిగులును.

అక్షరమును పెంచుకొనరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. నవలకైనచో పెంచుకొనవచ్చును, వాక్యములు క్రొత్త పంక్తులుగా విరిగి తెరకు సరిపడును. మాన్యువళ్లు సాధారణముగా పి.డి.ఎఫ్. రూపమున వచ్చును. 1993లో అడోబి సంస్థ వెలువరించిన ఈ పద్ధతి ఉద్దేశమే పుట ఎచ్చట చూచినను ఒకే విధముగా కనబడవలెనని. పటములోని బాణము ఏ భాగమును చూపుచున్నదో, పట్టికలోని అంకె ఏ వరుసకు చెందినదో చెదరకుండుటకు అది అవసరమే. కావున పుట తెరకు లొంగదు. పుటకు తగిన తెరనే మనము వెదకుకొనవలెను.

10.1 అంగుళముల టాబ్లెట్ తెర వెడల్పు సుమారు 136 మిల్లీమీటర్లు. పుట మూడింట రెండు వంతుల కొలతతో కనబడును. అంచులలోని తెల్లని ఖాళీని కత్తిరించి చూపు సౌకర్యమున్నచో అక్షరము ఇంకను పెద్దదగును. 13.3 అంగుళముల తెరపై పుట దాదాపు కాగితమంతయే ఉండును గాని, దాని వెల అధికము, మోయుటయు కష్టము. పది అంగుళములకు తక్కువైన దానిని ఈ పనికి కొనవద్దని నా సలహా.

ఇక ఎండ. నిర్మలమైన మధ్యాహ్నమున నేలపై పడు వెలుతురు సుమారు 1,00,000 లక్సులు. ఆ ఎండలో తెల్లకాగితము సుమారు 25,000 నిట్ల ప్రకాశముతో మెరయును. సామాన్యమైన టాబ్లెట్ తెర స్వయముగా ఇచ్చు ప్రకాశము 400 నిట్ల ప్రాంతమున ఉండును. అద్దములో ఆకాశమును, మన ముఖమును కనబడునే గాని అంకెలు కనబడవు. పైగా ఫోనులు, టాబ్లెట్లు వేడెక్కినప్పుడు తమ వెలుగును తామే తగ్గించుకొనును. ఐఫోను, ఐపాడ్‌లను 0 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు లోపల వాడుమని వాటి తయారీదారులే చెప్పుచున్నారు. మన వేసవి ఆ హద్దును ఏనాడో దాటును!

ఈ చిక్కునకు ఒక పరిష్కారము ఎలక్ట్రానిక్ కాగితము. అమెరికాలో 1997లో స్థాపితమైన ఇ ఇంక్ సంస్థ దీనిని వృద్ధిచేసెను. దీని తెరలో అతి సూక్ష్మమైన గోళికలు ఉండును. ఒక్కొక్క గోళికలోని ద్రవములో తెల్లని రేణువులు, నల్లని రేణువులు పరస్పర విరుద్ధమైన విద్యుదావేశముతో తేలుచుండును. విద్యుత్తును మార్చినప్పుడు ఒక రంగు పైకి, మరియొకటి క్రిందికి పోవును. అటుపిమ్మట విద్యుత్తు లేకున్నను పుట అట్లే నిలుచును. ఇది కాగితమువలె పైనుండి పడు వెలుతురును త్రిప్పి పంపును గనుక ఎండ ఎక్కువైనకొలది స్పష్టముగా కనబడును. బ్యాటరీయు బహుదినములు వచ్చును.

అయినను ఇది అన్నిటికిని తగినది కాదు. పుటను పెంచి, అటునిటు జరుపుచు చూచునప్పుడు ఈ తెర మందముగా కదలును. వైరింగు పటములో తీగల రంగులు బూడిద ఛాయలగును. రంగులు చూపు రకములు వచ్చినను వాటిలో రంగు స్పష్టత నలుపు తెలుపులకంటె తక్కువ. కావున వైరింగు పని అధికముగా చేయువారు టాబ్లెట్‌నే ఎన్నుకొని నీడలో చూచుకొనుట మేలు. యంత్రభాగముల కొలతలు, పట్టికలు చూచువారికి 10.3 అంగుళముల ఎలక్ట్రానిక్ కాగితము చక్కగా పనికివచ్చును. వానిలో కొన్నింటిపై కలముతో వ్రాయవచ్చును. ఇంగ్లీషు మాటప్రక్కన దాని అర్థమును తెలుగులో వ్రాసిపెట్టుకొనుట మన పిల్లలకు ఎంతయో ఉపకరించును.

చేతి మురికిని మరువరాదు. నేటి స్పర్శతెరలు వ్రేలి విద్యుద్వాహకత్వముపై ఆధారపడును. సామాన్యపు చేతితొడుగులతో పలుకవు, నీటిచుక్క పడినచో తడబడును. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు 1994 ప్రాంతమున అమెరికా సైనిక వాహనముల తనిఖీకి రూపొందించిన వూమాన్ 3 అను నడుమున ధరించు కంప్యూటరుకు త్రిప్పుడు బిళ్ల నొకదానిని అమర్చిరి. మురికి చేతులవాని కష్టము వారికి తెలిసినది! నేడు ఐపి67 అను గుర్తు గల పరికరము దుమ్మును లోనికి రానీయదు. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషములు తట్టుకొనును. అంత వెల పెట్టలేనివారు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచుకొనవచ్చును.

కొనుటకు పోవునప్పుడు మీరు వాడబోవు మాన్యువల్‌నే వెంట తీసికొనిపొండు. దానిని పరికరములోనికి ఎక్కించి, ఇంటర్నెట్టు ఆపివేసి తెరచి చూడుడు. పొలములో సిగ్నలు ఉండునను నమ్మకము లేదు. ఒక మాటను వెదకి చూడుడు. దొరకనిచో అది బహుశా కాగితమునకు తీసిన ఛాయాచిత్రము మాత్రమే. అట్టిదానిలో పుటలను చేతితోనే వెదకవలసివచ్చును. పిమ్మట దుకాణము గడప దాటి ఎండలో నిలువబడి, మీ పట్టికలో అన్నిటికంటె చిన్న అంకెను చేయి చాచినంత దూరమునుండి చదువుడు.

ఆ యువకుడు ఇప్పుడు పది అంగుళముల టాబ్లెట్ కొనెను. చింతచెట్టు నీడ దొరకినచోటనే తెరచును. బిగువుల పట్టికను మాత్రము ఎ4 కాగితముపై అచ్చు వేయించి, ప్లాస్టిక్ పూత పూయించి, పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపున అంటించుకొనెను.