సిగరెట్ గల్లా నింపుతుంది... లాభం మాత్రం తమలపాకుదే!

రాజమండ్రి కోటగుమ్మం సెంటరైనా, కాకినాడ బస్టాండ్ పక్కనైనా, భీమవరంలో టీ స్టాల్‌ని ఆనుకునైనా ఒక కిళ్లీ బడ్డీ ఉండాల్సిందే. తెల్లారి ఆరింటికి తెరిస్తే రాత్రి పదింటికి గానీ మూయరు. యూపీఐ సౌండ్‌బాక్స్ రోజంతా మోగుతూనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే ‘అబ్బో, ఈయనకేం బాబూ’ అనిపిస్తుంది. అదే ఓనర్‌ని నెలాఖరున కదిపి చూడండి. ‘రొటేషన్ బానే ఉందండీ, మిగిలేదే కనబడట్లేదు’ అంటారు.

ఆ రెండూ నిజమే. మనలో కొందరి బీటెక్ ఫీజులు ఇలాంటి గల్లాపెట్టెల్లోంచే వచ్చాయి. ఆఫీసులో కంపెనీల లాభనష్టాలకి డాష్‌బోర్డులు తయారు చేసే మనం, ఇంట్లో నాన్నదో బాబాయిదో ఉన్న బడ్డీ లెక్క ఎప్పుడూ చూడం. ఈసారి పండక్కి ఊరెళ్తే ఒక్క గంట కూర్చుని చూడండి. ఆ గంటలో ఏం చూడాలో చెప్పేదే ఈ కథనం.

గల్లా వేరు, లాభం వేరు

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఉదాహరణ మాత్రమే. మీ కొట్టు అంకెలు మీరే వేసుకోవాలి.

రోజుకి 6,000 రూపాయల వ్యాపారం. అందులో సిగరెట్లు 4,500. వాటి మీద మిగిలేది వందకి 8 రూపాయలు, అంటే 360. కూల్‌డ్రింకులు, చిప్స్, బిస్కెట్లు కలిపి 1,000. వందకి 12 చొప్పున 120. కిళ్లీలు 500. ఆకు, సున్నం, సోంపు, గుల్కండ్ ఖర్చులు పోగా సగం మిగిలిందనుకుంటే 250. మొత్తం లాభం 730.

ఇప్పుడు చూడండి. వ్యాపారంలో కిళ్లీల వాటా 8 శాతం చిల్లర. లాభంలో మాత్రం 34 శాతం! కిళ్లీ అమ్మకం ఇంకో 500 పెరిగితే అదనంగా 250 మిగులుతుంది. అదే 250 సిగరెట్ల మీద రావాలంటే ఇంకా 3,125 రూపాయల సరుకు అమ్మాలి. ఆ సరుకు కొనడానికి పెట్టుబడి కూడా కావాలి.

సిగరెట్ మీద ధర కంపెనీది, పన్ను ప్రభుత్వానిది, కొట్టువాడికి మిగిలేది అంచు మాత్రమే. కిళ్లీలో ఉండేది కొట్టువాడి చేతి పని. ఎవరి చేయి పడితే లాభం వాళ్లదన్నమాట.

పండేది ఇక్కడే, మిగిలేది ఎక్కడో

గోదావరి జిల్లాలకి పొగాకుతో పాత చుట్టరికం. లంకల్లో పండిన ఆకుతో చుట్టిన లంక చుట్టలు బ్రిటిష్ వాళ్ల దాకా వెళ్లాయి. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ నోట కూడా ఆ చుట్ట మాట వినిపిస్తుంది. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థని 1947లో పెట్టింది రాజమండ్రిలోనే. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంత చరిత్ర ఉన్నా బడ్డీ మీద కూర్చున్న మనిషికి దక్కేది పెట్టెకి కొన్ని రూపాయలే. పైగా 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్ల మీద జీఎస్టీ 40 శాతమైంది. దాని పైన పొడవుని బట్టి వెయ్యి సిగరెట్లకి 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం. రేటు పెరిగితే కొట్టుకి లాభమే కదా అనుకుంటారు కొందరు. కానీ నిన్నటి సరుకే ఇవాళ అల్మరాలో పెట్టాలంటే ఎక్కువ డబ్బు కావాలి. ఆ డబ్బు అప్పు తెచ్చిందైతే వడ్డీ మీద వడ్డీ.

ఇంకో సంగతి. మన బడ్డీల్లో పెట్టె కొనేవాళ్ల కంటే ‘ఒకటివ్వండి’ అనేవాళ్లే ఎక్కువ. పెట్టె మీద 85 శాతం జాగాలో ఉండాల్సిన హెచ్చరిక బొమ్మ విడి సిగరెట్ కొనేవాడికి కనబడదు. అందుకే కర్ణాటక, మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలు విడి అమ్మకాన్నే నిషేధించాయి. విడి సిగరెట్ మీదే నడిచే కొట్టు ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో తలకిందులు కావచ్చు. ఆ లోపే లాభాన్ని వేరే అరలోకి మార్చుకోవడం తెలివైన పని.

ఏ అర పెంచాలి?

మొదటిది స్వీట్ కిళ్లీ. పొగాకు లేదు, వక్క కూడా వద్దు. వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ప్రచురించింది. గుల్కండ్, కొబ్బరి కోరు, సోంపు, ఖర్జూరం, చెర్రీ వేసి కడితే ఆడవాళ్లు, పిల్లలు కూడా తింటారు. సిగరెట్ బడ్డీ ముందు ఆగని ఫ్యామిలీలు కిళ్లీ కోసం ఆగుతాయి. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా భోజనం హోటళ్ల దగ్గర ఉన్న కొట్టుకి ఇదే అసలు టైమ్. సాదా, స్వీట్, స్పెషల్ అని మూడు రేట్లు బోర్డు మీద రాసి పెడితే బేరం కూడా ఉండదు.

రెండోది ఫంక్షన్ ఆర్డర్లు. పెళ్లి భోజనం కిళ్లీతోనే ముగుస్తుంది కదా. 200 కిళ్లీల ఆర్డర్‌కి సగం అడ్వాన్స్ తీసుకుని, వంటవాళ్లకీ కళ్యాణ మండపాల వాళ్లకీ నంబర్ ఇచ్చి ఉంచితే చాలు. ఎన్ని కావాలో ముందే తెలుస్తుంది కాబట్టి ఆకు వృథా కాదు.

మూడోది తాంబూలం సెట్. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, కార్తీకంలో నోములు. ఆకులు, వక్కలు, అరటిపళ్లు, పసుపు కుంకుమ ఒకే కవర్లో పెట్టి ముందురోజు సాయంత్రం అమ్మండి. ఆకు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, కొత్త పెట్టుబడి చాలా తక్కువ.

నాలుగోది ఊరి సరుకు. రామచంద్రపురం ఆర్టోస్ డ్రింకు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా బయటి ఊరివాళ్లు అడిగి మరీ కొంటారు. 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. ఆ 12 రోజులు ఘాట్ల దారిలో ఏం అమ్మాలో ఇప్పటి నుంచే కొంచెం కొంచెం పెట్టి చూసుకుంటే, అప్పుడు గుడ్డిగా సరుకు నింపి ఇరుక్కోనక్కర్లేదు. తినే వస్తువులు అమ్మితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

కుండకి చిల్లులు

ఆదాయం పెంచడం ఒక ఎత్తు, కారిపోయేది ఆపడం ఇంకో ఎత్తు.

అరువు: వందకి 8 రూపాయలు మిగిలే సరుకులో 100 రూపాయల అరువు ఎగ్గొడితే, పోయిన 92 రూపాయలు రాబట్టడానికి 1,150 రూపాయల సిగరెట్లు అమ్మాలి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె లోపల అంటించండి. ‘రేపిస్తాలే బాబాయ్’ అన్నప్పుడు ఓనర్‌కి కనబడాలి. మొహమాటం ఉంటే ఆ అరువేదో కిళ్లీల మీద ఇవ్వండి. పోయినా సగమే పోతుంది.

డైలీ ఫైనాన్స్: చేతికి 9,000 ఇచ్చి, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటారనుకోండి. చూడ్డానికి వడ్డీ వెయ్యే. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి లెక్కేస్తే 70 శాతం పైనే పడుతుంది. టౌన్‌లో వీధి వ్యాపారిగా నమోదైన వాళ్లకి 2020లో మొదలైన పీఎం స్వనిధి ఉంది. దాని మార్గదర్శకాల్లో పాన్ షాపుల పేరు కూడా ఉంది. ఇప్పుడు మొదటి విడత 15,000 వరకు ఇస్తారు. టైమ్‌కి కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. మున్సిపల్ ఆఫీసులో అడగండి.

వాడిన ఆకు: రాత్రి పారేసే ఆకులు ఎన్నో వారం రోజులు లెక్క రాయండి. తడిగుడ్డలో చుట్టడం, రెండు రోజులకోసారి తక్కువ కట్టలు తేవడం... ఈ రెండింటితోనే తేడా తెలుస్తుంది.

ఒకే ఫోన్, ఒకే అకౌంట్: కొట్టు యూపీఐలోంచే రీఛార్జ్, గ్యాస్, చిట్టీ కట్టేస్తే మిగిలిందేంటో ఎవరికీ తెలీదు. కొట్టుకి వేరే అకౌంట్ పెట్టి, ఓనర్ రోజుకింతని జీతంలా తీసుకోవాలి.

ఈ లాభం మాత్రం వద్దు

అమెరికాలో స్మోక్ షాపులకి వేప్‌లు మంచి లాభసాటి సరుకు. రీల్స్ చూసి ‘మనమూ పెడదామా’ అనుకోకండి. మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్లని పూర్తిగా నిషేధించింది. మొదటిసారి దొరికితేనే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదు. విద్యాసంస్థకి 100 గజాల లోపు అసలు అమ్మకూడదు. పిల్లల చేతికి పొగాకు ఇస్తే 2015 జువైనల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ‘నాన్న కోసం అంకుల్’ అని వచ్చిన కుర్రాడికి ఇచ్చినా చిక్కే. ‘కూలింగ్ ఛార్జ్’ అని ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు లాగడమూ తప్పే. ఆ రెండు రూపాయల కోసం రోజూ వచ్చే కస్టమర్ పక్క బడ్డీకి వెళ్లిపోతాడు.

30 రోజుల నోటుబుక్

యాప్ అక్కర్లేదు. ఒక నోటుబుక్, నాలుగు గడులు చాలు: సిగరెట్లు, డ్రింకులు-ప్యాకెట్లు, కిళ్లీలు, మిగతావి. రాత్రి కొట్టు కట్టేముందు ప్రతి గడిలో అమ్మకం, కొన్న ధర రాయాలి. కింద అరువు, పారేసిన సరుకు. నెల తర్వాత ఫోటో తీసి పంపమనండి, కూడికలు మీరు వేయండి.

ఆ కూడికల్లో రెండు ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. ఏ గడి ఎక్కువ జాగా తింటోంది? ఏ గడి ఎక్కువ మిగులుస్తోంది? రెండూ ఒకటే అయితే సంతోషం. కాకపోతే, ముందు వరసలో కంటికి ఎదురుగా ఉన్న సిగరెట్ పెట్టెల్ని ఒక అర వెనక్కి జరపండి. వాటి కోసం వచ్చేవాళ్లు ఎలాగూ అడిగే తీసుకుంటారు. ఆ ఖాళీలో కిళ్లీ సామాను పళ్లెం పెట్టండి.