నవాపూర్‌లో కోళ్ళు చచ్చిన నాడు

సూరత్ నుండి జల్‌గావ్ పోయే రైలుమార్గంలో నవాపూర్ అనే చిన్న స్టేషన్ ఉన్నది. మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రాల సరిహద్దు ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదుగానే పోతుంది. ప్రయాణికులు కూర్చునే ఒక బల్లకు ఒక కొస ఒక రాష్ట్రంలోను, రెండవ కొస మరొక రాష్ట్రంలోను ఉంటుంది. ఊరు మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లాకు చెందినది. పొరుగున ఉన్న ఉచ్ఛల్ తాలూకా గుజరాత్‌ది. 2006 నాటికి అది సూరత్ జిల్లాలో భాగం. రెండు వైపులా కోళ్ళ ఫారాలే. మన దేశంలో బర్డ్ ఫ్లూ మొట్టమొదట బయటపడినది ఇక్కడే.

2006 జనవరి చివరినుండి ఆ ఫారాలలో కోళ్ళు వేల సంఖ్యలో చావసాగాయి. అది రాణిఖేత్ వ్యాధి, అనగా మన పల్లెలలో కొక్కెర తెగులు అని పిలిచేదే కాబోలునని చాలామంది అనుకున్నారు. అందులో వింత లేదు. రెండింటిలోనూ కోడి మేత మానివేస్తుంది, రొప్పుతుంది, గుడ్లు తగ్గిపోతాయి, మంద మంద కూలిపోతుంది. తేడా తెలిసేది ప్రయోగశాలలో మాత్రమే. భోపాల్‌లోని అత్యంత భద్రతగల పశువ్యాధుల ప్రయోగశాల నమూనాలను పరీక్షించి, అది హెచ్5ఎన్1 అనే వైరస్ అని తేల్చేసరికి ఫిబ్రవరి 18 వచ్చింది. పేరు తెలియని ఆ వారాలలో కోళ్ళ గంపలు, గుడ్ల అట్టలు, దాణా లారీలు, పనివారి చెప్పులు యథాప్రకారం తిరుగుతూనే ఉన్నాయి. మరికొద్ది రోజులకు ఉచ్ఛల్ ఫారంలోనూ అదే వైరస్ కనిపించింది. బల్లకు ఏ కొసన కూర్చున్నామో దానికేమి పట్టింపు?

ఆల్థాన్ సూరత్ నగరానికి దక్షిణాన పెరిగిన పేట. అక్కడినుండి నవాపూర్ 100 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. అంటువ్యాధి అనగానే ఈ నగరవాసులకు 1994 సెప్టెంబరు జ్ఞాపకం వస్తుంది. ప్లేగు వార్త పొక్కగానే లక్షలాది జనం రైళ్ళు, బస్సులు పట్టుకొని ఊరు విడిచారు. మన తెలంగాణ నుండి వచ్చిన నేతపనివారు వేల సంఖ్యలో మరమగ్గాల మీద బతుకుతున్న నగరమిది. ఇటువంటి చోట పుకారు ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పనక్కరలేదు. 2006లో కూడా భయానికి ఆధారం దొరికింది. నవాపూర్ ప్రాంతపు కోళ్ళ పెంపకందారు ఒకరు సూరత్ ఆసుపత్రిలో మరణించగా, అది బర్డ్ ఫ్లూయేనని అనుమానించారు. తరువాతి పరీక్షలలో కాదని తేలింది. అక్కడ మనుషులెవరికీ ఈ జ్వరం సోకినట్లు నిర్ధారణ కాలేదు. కాని ఈలోగా రైళ్ళలో కోడికూర, కోడిగుడ్లు వడ్డించడం ఆపివేశారు. దేశమంతటా కోడి ధర పడిపోయింది.

భయపడవలసినది నిజంగా ఎక్కడ అన్నది వేరే ప్రశ్న. ఈ జాతి వైరస్‌లకు సహజ నివాసం నీటిపక్షులు. నేటి హెచ్5ఎన్1 వంశానికి మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు పెద్దబాతు (గూస్)లో దొరికింది. మరుసటి ఏడు హాంగ్‌కాంగ్‌లో 18 మందికి సోకి 6గురిని బలిగొన్నది. అక్కడి ప్రభుత్వం కొద్దిరోజులలోనే నగరంలోని కోళ్ళన్నింటినీ, పది లక్షలకు పైగా, చంపించివేసింది. 2003 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు వచ్చిన రోగులు 900కు పైబడ్డారు. వారిలో ఇంచుమించు సగంమంది మరణించారు.

సగం అనగానే గుండె జారుతుంది. కాని మరొక సంగతి చూడండి: ఇన్ని కోట్ల కోళ్ళు చచ్చిన ఇన్నేళ్ళలో రోగులు కొన్ని వందలే. కారణం మన శ్వాసనాళపు నిర్మాణంలో ఉన్నది. వైరస్ కణాన్ని పట్టుకోవడానికి కొక్కెం వంటి అణువు కావాలి. పక్షి వైరస్‌కు సరిపడే కొక్కేలు మనలో ముఖ్యంగా ఊపిరితిత్తుల అడుగున ఉన్నాయి. గొంతు, ముక్కు భాగాలలో అరుదు. అందుచేత అది మనలో తేలికగా ప్రవేశించదు; ప్రవేశిస్తే ఊపిరితిత్తులనే పట్టుకుంటుంది; దగ్గు, తుమ్ముల ద్వారా మరొకరికి సులభంగా అంటదు. శాస్త్రజ్ఞుల ఆందోళన ఈ ‘అంటదు’ అన్న మాట ఎంతకాలం నిలుస్తుందోనని. ఈ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. మనుషుల ఫ్లూ, పక్షుల ఫ్లూ ఒకే పందిలోనో, ఒకే మనిషిలోనో కలుసుకుంటే ముక్కలు మార్చుకోగలవు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు సోకింది. అదే సంవత్సరం చివర నాగపూర్‌లోని గోరెవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనికి బలి అయ్యాయి. పాలిచ్చే జంతువులలోకి వచ్చిన ప్రతిసారీ వైరస్‌కు ఒక కొత్త అవకాశం దొరికినట్లే.

వంటగదిలో మాత్రం ఇది బలహీనమైన శత్రువు. లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే నశిస్తుంది. మన ఇగురుకూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. ప్రమాదమంతా పొయ్యికి ఇవతలనే: జబ్బు కోడిని పట్టుకోవడం, కోయడం, ఈకలు పీకడం, రెట్ట ఎత్తడం, పచ్చిమాంసం తాకిన చేతితో ముఖం తుడుచుకోవడం. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఈ వ్యాధితో మరణించింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలు వచ్చాయి. కోళ్ళతో పనిచేసినవారికి జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆ పని సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి. ఒసెల్టామివిర్ అనే మందు మొదటి రెండు రోజులలో పడితేనే బాగా పనిచేస్తుంది.

2021 ఫిబ్రవరిలో నవాపూర్‌కు అదే తెగులు మళ్ళీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని వేల్పూరు, కానూరులకు. అక్కడ కూడా ప్రయోగశాల నుండి కబురు రాకముందే చాలా కోళ్ళు చచ్చాయి. తరువాత తెలంగాణ సరిహద్దులో కోళ్ళ లారీలను నిలిపివేశారు. ఇప్పటి నియమావళి ప్రకారం తెగులు తేలిన ఫారం చుట్టూ 1 కిలోమీటరు లోపలి కోళ్ళనన్నింటినీ చంపి, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి.

అయితే పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్ళకే; అంతకుముందు తెగులుతో చచ్చినవాటికి కాదు. త్వరగా కబురు చేసినవాడికి లాభమన్నది దీని ఉద్దేశం కావచ్చును. కాని కబురు చేసిన రైతు కొన్ని నెలలపాటు ఖాళీ షెడ్డుకు కాపలా కాయాలి. బ్యాంకు వాయిదా ఆగదు. ఇరుగుపొరుగు ఫారాలవారు తమ కోళ్ళు కూడా పోయాయని అతనినే తిడతారు. మిగిలిన కోళ్ళను రాత్రికి రాత్రి లారీ ఎక్కించి చవకకు అమ్మితే కొంతైనా చేతికి వస్తుంది. ఆ లారీ ఏ ఊరికి పోతుందో అతనికి కూడా తెలియదు. ఆల్థాన్‌లోనో, తణుకులోనో అంగడిలో గంపనుండి కోడిని తీసే పనివాడు ఆ సంగతి అసలే ఎరుగడు.