పెళ్లిపిలుపు వస్తే తలనొప్పి గుర్తొస్తోందా?

దగ్గరివాళ్ల పెళ్లి. ఇంట్లో అందరూ చీరలు, ప్రయాణాల గురించి మాట్లాడుకుంటుంటే మీరు మాత్రం ‘ఆ రోజు తలనొప్పి రాకుండా ఉంటే చాలు’ అనుకుంటున్నారా? రంపచోడవరంలో మా ఓపీకి వచ్చేవారి నుంచి ఈ మాట తరచూ వింటుంటాం. వెళితే నొప్పి, వెళ్లకపోతే ‘వంక పెట్టింది’ అనే నింద.

మైగ్రేన్ వంక కాదు, మెదడుకు సంబంధించిన జబ్బు. ఒకసారి మొదలైతే 4 నుంచి 72 గంటలు ఉండొచ్చు. వికారం, వాంతులు, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం దీని లక్షణాలు. నెలకు 15 రోజులు, అంతకుమించి తలనొప్పి ఉంటూ, వాటిలో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపిస్తూ, ఇలా 3 నెలలకు మించి సాగితే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటాం.

వేడుకల్లోనే ఎందుకు?

మైగ్రేన్ ఉన్నవారికి దినచర్యలో మార్పు గిట్టదు. పెళ్లింట అన్నీ మార్పులే. రాత్రి ముహూర్తంతో నిద్ర ఉండదు, భోజనం ఆలస్యం. బాత్రూమ్ ఇబ్బందని నీళ్లు తాగరు. పైగా డీజే మోత, మెరిసే లైట్లు, ఘాటైన సెంట్లు. ఒక్కోటీ తట్టుకోగలిగినా, అన్నీ ఒకేరోజు కలిస్తే కష్టం. మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పితే అదీ తోడవుతుంది.

ఇలా సిద్ధం కండి

* వీలైతే ముందురోజే చేరుకుని నిద్రపోండి. ఖాళీ కడుపుతో బండెక్కొద్దు. ముందు సీట్లో కూర్చోండి, దారిలో ఫోన్ చూడొద్దు.
* నీళ్ల సీసా, కాస్త ఫలహారం దగ్గరుంచుకోండి. స్పీకర్లకు దూరంగా కూర్చోండి.
* ‘పిన్నీ, నాకు మైగ్రేన్ ఉంది. నొప్పి మొదలైతే కాసేపు గదిలో పడుకుంటా, ఏమీ అనుకోవద్దు’ అని ముందే చెప్పండి. తర్వాత సంజాయిషీ ఇవ్వడం కంటే ఇది తేలిక.
* డాక్టర్ రాసిన మాత్ర నొప్పి మొదలవగానే వేసుకోండి. ‘తాళి కట్టేదాకా చూద్దాం’ అని ఓర్చుకుంటే అది సరిగా పనిచేయదు.

మాత్రలకూ లెక్కుంది

పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటివి నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు 10 రోజులు, అంతకుమించి నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మాత్ర వేసుకున్న రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. తరచూ వస్తుంటే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ వంటి నివారణ మందులున్నాయి. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి పెళ్లిళ్ల సీజన్‌కు ముందే రండి. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నా, గర్భిణి అయినా తప్పక చెప్పండి. కొన్ని మందులు వారికి సరిపడవు.

ఇవి మైగ్రేన్ అనుకోవద్దు

ఏజెన్సీలో ఉన్నా, ఇటీవల ఇక్కడికి వచ్చి వెళ్లినా, జ్వరంతో తలనొప్పి ఉంటే వెంటనే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చినా, మెడ బిగిసినా, మాట తడబడినా, కాలూచేయీ పట్టుతప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట. ఆమె లేచి గదిలోకి వెళితే ‘మళ్లీనా?’ అనకండి. లైటు తీసేసి, తలుపు దగ్గరగా వేసి, ఓ గ్లాసు నీళ్లు పెట్టి రండి.