మునుగుతుందా, తేలుతుందా?

మా అక్క కూతురికి నాలుగేళ్లు. ఎల్.కె.జి. చదువుతోంది. కర్ర తేలుతుంది, ఇనుము మునుగుతుంది అని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పేస్తుంది. పోయిన ఆదివారం బకెట్టు నిండా నీళ్లు పట్టి, దాని చేతికి ఒక స్టీలు చెంచా ఇచ్చాను. వేసింది. బుడుంగుమని మునిగింది. "చూశావా పిన్నీ!" అంది. తర్వాత స్టీలు గిన్నె ఇచ్చి, "ఇదేమవుతుంది?" అని అడిగాను. "ఇది ఇంకా బరువు కదా, గబుక్కున మునిగిపోతుంది" అంటూ మెల్లగా నీళ్లమీద పెట్టింది. గిన్నె తేలింది! పిల్ల కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అయితే మా మిస్ చెప్పింది తప్పా?" అంది.

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "గిన్నెలో కాసిని నీళ్లు పోసి చూద్దామా?" అన్నాను. గ్లాసుతో ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోసింది. గిన్నె కిందికి దిగుతూ దిగుతూ చివరికి మునిగింది. ఆ రోజు అది అన్నం తినడం కూడా మరిచిపోయింది.

కారణం మనకు తెలిసిందే. నీళ్లలో పెట్టిన వస్తువు కొంత నీటిని పక్కకు నెడుతుంది. గిన్నె బోలుగా ఉంటుంది కనుక కొంచెం దిగేసరికే తన బరువుకు సమానమైన నీటిని నెట్టేసి తేలుతుంది. చెంచా పూర్తిగా మునిగినా అంత నీటిని నెట్టలేదు. హార్బరులో ఇనుప ఓడలు నిలబడేది కూడా ఇలాగే. అయితే నాలుగేళ్ల పిల్లకు ఈ సూత్రం అక్కర్లేదు. ముందు ఏమవుతుందో ఊహించడం, తన చేత్తో చేయడం, చూసింది చెప్పడం — ఈ మూడూ వస్తే చాలు. ఊహ తప్పితే నవ్వకూడదు. ఊహ తప్పినప్పుడే పిల్లలు ఎక్కువ ఆలోచిస్తారు.

చేతితో చేసి నేర్చుకోవాలని గట్టిగా చెప్పినవారిలో మరియా మాంటిసోరి ఒకరు. ఆమె వైద్యురాలు. 1907లో రోము నగరంలో పేదపిల్లల కోసం మొదటి బాలగృహం తెరిచారు. 1939లో మన మద్రాసుకే, అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం రావడంతో 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్లు వంచడం కూడా ఆమె పద్ధతిలో పాఠమే!

ఇంట్లో చేయదగ్గవి ఇంకో రెండు:

నీడ: మిద్దెమీద ఒకే చోట పిల్లను నిలబెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ చుట్టూ సుద్దముక్కతో గీయండి. నీడ పొట్టిదవుతుంది, మళ్లీ పొడుగవుతుంది, పక్కలు కూడా మారుతుంది. ఎందుకో మీరు చెప్పకండి, సూర్యుడు ఎటున్నాడో అడగండి.

మొలకలు: రాత్రంతా నానిన పెసలను తడిగుడ్డలో కట్టండి. మొలకలొచ్చాక సగం కిటికీ దగ్గర, సగం మూసిన డబ్బాలో పెట్టి రెండింటికీ రోజూ తడి తగలనివ్వండి. నాలుగైదు రోజులకు కిటికీ దగ్గరివి పొట్టిగా, పచ్చగా ఉంటాయి. చీకట్లోవి పొడుగ్గా, పాలిపోయి ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. నీళ్ల బకెట్టు దగ్గర పిల్లలను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. చిన్న అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు చేతికి ఇవ్వకూడదు.

చివరగా ఒక మాట. మనకు వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. సైన్సు ఇంగ్లీషులోనే చెప్పాలని మనలో చాలామంది అనుకుంటాం. కానీ మా పిల్లకు సందేహం వచ్చింది తెలుగులోనే. నానడం, కరగడం, ఇంకడం, ఉబ్బడం — నీళ్లు చేసే ఒక్కొక్క పనికీ మన దగ్గర ఒక్కొక్క మాట ఉంది. ఇవి పిల్లలకు వంటింట్లోనే దొరుకుతాయి.

ఇంతకుముందు అది ఏదైనా అడిగితే, "నోరు మూసుకుని తిను" అనేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. పిల్ల బుద్ధిగా ఉందని సంతోషించాను కూడా! ఆదివారం గిన్నె తేలిన తర్వాత మళ్లీ అడగడం మొదలుపెట్టింది. నిన్న నా దువ్వెన బకెట్టులో కనిపించింది. మునిగిందా, తేలిందా అని నేను అడగలేదు. అదే వచ్చి చెప్పింది.