పిల్లల నడుమ నేర్చిన విద్య

బిడ్డలను సాకుట ఒకరు నేర్పవలసిన విద్య కాదనియు, అది ఇంట పుట్టి పెరిగినవారికి దానంతట అదియే అబ్బుననియు మనలో చాలమంది నమ్మిక. ఓర్వకల్లు వంటి మెట్ట గ్రామములలో తల్లి కూలికి పోవునపుడు చంటిబిడ్డను పెద్దకూతురి చంకకెత్తి పోవుట అనాదిగా నున్న వాడుక. కాని తన తోబుట్టువును ఎత్తుకొనుట వేరు. తల్లిదండ్రులు లేని నూరుమంది బిడ్డలకు దిక్కై నిలుచుట వేరు. ఈ రెండవ పనికి యువతీయువకులను సిద్ధపరచు విధమెట్టిది? పోలండు దేశమున ఒక యూదుల అనాథ శరణాలయము ఈ ప్రశ్నకు ఆచరణలో చూపిన సమాధానము నేటికిని ఆలోచింపదగియున్నది.

ఆ శరణాలయము 1912లో వార్సా నగరమున, క్రోఖ్మాల్నా వీధిలోని 92వ నంబరు భవనమున వెలసినది. దాని పెద్ద హెన్రిక్ గోల్డ్‌ష్మిట్ అను శిశువైద్యుడు. యానుష్ కోర్చాక్ అను కలముపేరుతోనే ఆయన లోకమునకు పరిచితుడు. దైనందిన నిర్వహణ భారమును వహించినది స్తెఫానియా విల్చిన్‌స్కా అను విదుషీమణి. ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలు సుమారు నూరుమంది అచట పెరుగుచుండిరి.

1920 దశకమున ఆ శరణాలయముననే ‘బుర్సా’ అను విద్యార్థి వసతి ఏర్పడినది. ఉపాధ్యాయ వృత్తికి చదువుకొనుచున్న బీద యువతీయువకులును, శరణాలయమున పెరిగి పెద్దవారైన కొందరును అందు చేరిరి. వారికి జీతము లేదు. ఉండుటకు చోటు, తినుటకు తిండి లభించెడివి. అందులకు బదులుగా వారు దినమునకు కొన్ని గంటలు పిల్లలతో గడుపవలెను: పాఠములలో సాయపడుట, రోగికి పరిచర్య, పడకగదిలో కావలి, పిల్లలు వంతులవారీగా చేయు పనులను కనిపెట్టియుండుట.

చూచుటకిది చౌకగా పని చేయించుకొను ఉపాయమువలె తోచవచ్చును. కాని అసలు శిక్షణ ఒక నోటుపుస్తకమున ఉన్నది. ప్రతి శిక్షితుడును తాను చూచినదానిని, తనకు కలిగిన సందేహమును అందు వ్రాయవలెను. విల్చిన్‌స్కా దానిని చదివి, ప్రక్కనే తన సమాధానము వ్రాసెడిది. ‘ఈ బాలుడు మొండివాడు’ అని వ్రాయుట సులభము. వాడు ఏ వేళ, ఎవరి యెదుట, దేనికి మొండికెత్తెనో వ్రాయుట కష్టము. మొదటిది తీర్పు, రెండవది పరిశీలన. వైద్యుడైన కోర్చాక్ కోరినది ఈ రెండవదానినే. జ్వరమును చూచి రోగిని తిట్టని వైద్యునివలె, అల్లరిని చూచి బిడ్డను నిందింపక కారణము వెదకవలెనని ఆయన మతము.

అచట మరియొక వింత కలదు. పిల్లలే న్యాయాధిపతులుగా నుండు న్యాయస్థానము ఒకటి ఉండెను. దాని శిక్షాస్మృతిలో తొలి అధికరణములన్నియు క్షమకు సంబంధించినవే. చిట్టచివరి వేయవ అధికరణము మాత్రమే బహిష్కారమును విధించును. తమకు అన్యాయము చేసిన పెద్దలపై సైతము పిల్లలు అచట ఫిర్యాదు చేయవచ్చును. కోర్చాక్ తానును ఆ న్యాయస్థానమున ముద్దాయిగా నిలిచెను. చెవి మెలిపెట్టుట పెద్దల హక్కని తలంచి వచ్చిన యువకునకు ఇంతకుమించిన పాఠము వేరొకటి కలదా?

1940లో నాజీల ఆజ్ఞచే శరణాలయము ఆ భవనమును విడిచి, యూదులను నిర్బంధించిన గెట్టోలోనికి మారవలసివచ్చెను. అచట ఆకలియు, అంటురోగములును ప్రబలినవి. అట్టి దినములలో, 1942 జూలై 18న, పిల్లలు మన రవీంద్రనాథ ఠాకూరు ‘డాక్‌ఘర్’ నాటకమును ప్రదర్శించిరి. గదిలో బందియైన రోగి బాలుని కథ అది. ప్రదర్శనను తీర్చిదిద్దినది ఎస్తెర్కా వినోగ్రోన్ అను యువ సహాయకురాలు. నాలుగు దినములకే గెట్టోనుండి జనులను తరలించుట ఆరంభమైనది. ఆమెయు ఆ తరలింపునకు బలియైనది. ఆగస్టు తొలివారమున సుమారు 200 మంది పిల్లలతో కూడ కోర్చాక్, విల్చిన్‌స్కా, తక్కిన సేవకులు త్రెబ్లింకా మరణశిబిరమునకు పోయిరి. తప్పించుకొను అవకాశము లభించినను కోర్చాక్ పిల్లలను విడువలేదు.

క్రోఖ్మాల్నా వీధిలోని భవనము మాత్రము నేటికిని నిలిచియున్నది. బాలల హక్కులపై ఒడంబడిక కావలెనని 1978లో ప్రతిపాదించినదియు పోలండు దేశమే. ఐక్యరాజ్యసమితి దానిని 1989లో ఆమోదించగా, మన దేశము 1992లో అంగీకరించెను.

మన దేశమున 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీలు పల్లెపల్లెకును వచ్చినవి. తల్లిదండ్రులు వలసపోయినపుడు కర్నూలు సీమ బిడ్డలు కొందరు వసతిగృహములలో నుందురు. అచట బియ్యము, పప్పు లెక్క వ్రాయుటకు పుస్తకమున్నది. ‘ఈ బిడ్డ నేడేల అన్నము ముట్టలేదు?’ అని వ్రాయుటకును ఒక పుస్తకము, దానిని చదివి బదులు వ్రాయు ఒక పెద్దదిక్కు ఉన్నచో, దిక్కులేని బిడ్డకును కనిపెట్టి చూచు కన్ను ఒకటి దొరకును. అందులకు ధనముకంటె ముఖ్యముగ కావలసినది ఓర్పు.