కోనసీమ పేరు ఎక్కడికీ పోలేదు, మరి ఇళ్లెందుకు తగలబడ్డాయి?

పుట్టిన నేల మీద ప్రేమ తప్పు కాదు. ఊరి మీద, యాస మీద, తాగిన నీళ్ల మీద అభిమానం అందరికీ ఉంటుంది, వాడవాళ్లకూ ఉంటుంది. కానీ అంబేద్కర్ పేరు వినబడగానే ఆ అభిమానం కొందరిలో కోపంగా ఎందుకు మారుతుంది? "మేం అంబేద్కర్‌కు వ్యతిరేకం కాదు, మా ప్రాంత వారసత్వం పోతుందనే మా బాధ" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే 2022 నాటి అమలాపురాన్ని, 1978 నాటి మరాఠ్వాడాను పక్కపక్కన పెట్టి చూడాలి.

అమలాపురంలో ఏం జరిగింది?

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుంచి విడదీసి, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాను ఏర్పాటు చేశారు. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు డిమాండ్ చేశాయి. మే నెలలో ప్రభుత్వం "డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా"గా పేరు మారుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువు కూడా పెట్టింది.

ఆ గడువు పూర్తికాకముందే, మే 24న, నిరసన ర్యాలీ విధ్వంసంగా మారింది. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, బస్సులు కాలిపోయాయి. ఎస్సీ వర్గానికి చెందిన మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, బీసీ వర్గానికి చెందిన ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. చివరికి జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరుకు ఆమోదం తెలిపింది.

ఆ కొత్త పేరును ఇంకోసారి చదవండి. అందులో "కోనసీమ" అలాగే ఉంది. ఎవరూ తీసెయ్యలేదు, దాని ముందు ఇంకో పేరు చేరిందంతే. నెల్లూరు ముందు పొట్టి శ్రీరాములు పేరు చేరింది. విజయవాడ కేంద్రంగా ఉన్న జిల్లా ఏకంగా ఎన్టీఆర్ జిల్లా అయింది. అక్కడ ప్రాంత వారసత్వం పేరుతో మంత్రుల ఇళ్లు తగలబడలేదు. కాబట్టి గొడవ ప్రాంతం పేరు పోయినందుకు కాదు, దాని పక్కన ఎవరి పేరు వచ్చి నిలబడిందన్నదే అసలు గొడవ.

మరాఠ్వాడాలోనూ ఇదే మాట

ఒకప్పుడు తెలంగాణలాగే నిజాం పాలనలో ఉన్న మరాఠ్వాడాలో నలభై నాలుగేళ్ల ముందే ఇదంతా జరిగింది. ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) 1958లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకు ముందే, 1950లో, అదే ఊళ్లో అంబేద్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ కళాశాల పెట్టింది. వెనకబడిన ఆ ప్రాంతానికి ఉన్నత చదువు తెచ్చినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నారు. యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టాలని దళిత విద్యార్థులు అడగడం అందుకే.

1978 జూలై 27న మహారాష్ట్ర శాసనసభ, శాసనమండలి పేరు మార్పు తీర్మానం చేశాయి. వెంటనే "మరాఠ్వాడా అస్మిత" పేరుతో దాడులు మొదలయ్యాయి. ఊళ్లలో దళితుల గుడిసెలు తగలబెట్టారు. నాందేడ్ జిల్లాలో పోచీరాం కాంబ్లేను చంపేశారు. తీర్మానం అటకెక్కింది. 1979లో జోగేంద్ర కవాడే నాయకత్వంలో నాగపూర్ నుంచి లాంగ్ మార్చ్ బయల్దేరింది. పదహారేళ్ల పోరాటం తర్వాత, 1994 జనవరి 14న, "డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం" అనే పేరు ఖాయమైంది. అక్కడ దీన్ని నామాంతరం అనకుండా నామవిస్తరణ అన్నారు. అంటే పేరు మార్చలేదు, పొడిగించారు.

కోనసీమలో పొడిగింపుతోనే మొదలుపెట్టినా మంటలు ఆగలేదని గుర్తుంచుకుందాం.

"మన" అంటే ఎవరు?

1955లో భాషాప్రయుక్త రాష్ట్రాల గురించి రాసిన పుస్తకంలో అంబేద్కర్ ఆంధ్రనే ఒక ఉదాహరణగా తీసుకున్నారు. భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెండు మూడు పెద్ద కులాల చేతుల్లో ఉంటే, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతకాల్సి వస్తుందని హెచ్చరించారు. భాష, ప్రాంతం అందరివీ అని చెప్పినా పెత్తనం కొందరిదే అవుతుందన్నది ఆయన ఆందోళన.

కోనసీమ అంటే పోస్టర్ల మీద కొబ్బరితోటలు, గోదావరి పాయలు, ప్రభల తీర్థం. ఆ కొబ్బరి దింపు తీసేవాళ్లు, కాయ ఒలిచేవాళ్లు, వరి చేలో వంగి నాట్లేసేవాళ్లు ఆ పోస్టర్‌లో కనబడరు. "పాలేరు" నాటకం రాసిన బోయి భీమన్న మామిడికుదురులో పుట్టారు. "గుడిసెలు కాలిపోతున్నాయ్" కావ్యానికి ఆయనకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. లోక్‌సభకు తొలి దళిత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కోనసీమ బిడ్డే. వీళ్లది కోనసీమ వారసత్వం కాకపోతే ఇంకెవరిది?

ఎదురయ్యే ప్రశ్నలు

"అంబేద్కర్‌కూ ఈ ప్రాంతానికీ ఏం సంబంధం?" అని అడుగుతారు. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలూ అంతే. వాడలో పుట్టినవాళ్లు అక్కడ పోటీ చేసి చట్టసభకు వెళ్తున్నారంటే అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఇంతకంటే దగ్గర సంబంధం ఏం కావాలి?

"ఇదంతా ఓట్ల రాజకీయం" అంటారు. ప్రభుత్వాలకు లెక్కలుంటాయి, కాదనం. ఏ జిల్లాకు ఏ నాయకుడి పేరు పెట్టినా ఆ లెక్కలుంటాయి. ఒక్క అంబేద్కర్ పేరు దగ్గరే అవి నేరమెలా అవుతాయి?

"జనాన్ని విడదీసే పేరు ఎందుకు?" అన్నది మూడో ప్రశ్న. ఊరికీ వాడకీ మధ్య గీత అంబేద్కర్ గీసింది కాదు. ఆయన పేరు ఆ గీతను బయటపెట్టింది. రాళ్లు వేసినవాళ్లను వదిలేసి పేరును "వివాదాస్పదం" అంటే, రేపు ఏ పేరునైనా రాళ్లతోనే ఆపొచ్చని ఒప్పుకున్నట్టే.

విద్యార్థులకు, కార్యకర్తలకు మేం చెప్పేది ఇది. ఎవరైనా వారసత్వం పోతోందన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: నిజంగా పోయిందేమిటి? ఆ "మన"లో వాడ ఉందా? ఇదే అభ్యంతరం వేరే పేర్లకు చెప్పారా? ఇంకో చిన్న పని కూడా ఉంది. దరఖాస్తుల్లో, పోస్టర్లలో, వార్తల్లో "కోనసీమ జిల్లా" అని కుదించి రాయడం అలవాటవుతోంది. మంటల మధ్య నిలబడి తెచ్చుకున్న పేరు రాతలో జారిపోకూడదు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పూర్తిగా రాయండి, పూర్తిగా పలకండి.