పడుతున్న చంద్రుడు

నిట్టనిలువుగా పైకి విసరిన రాయి ఒకచోట ఆగి క్రిందికి మళ్లుతుంది. ఆగిన ఆ క్షణంలో రాతిమీద పనిచేస్తున్న బలమేది? ఉన్నత పాఠశాలలో ఏ తరగతి ముందైనా ఈ ప్రశ్న వేసి చూడండి. రాయి ఆగినది గనుక బలమేదీ లేదని కొందరు చెబుతారు. చేయి ఇచ్చిన బలమూ, భూమి లాగే బలమూ సరిసమానమైనవి, అందుచేత ఆగినదని చురుకైనవారు చెబుతారు. రెండవ సమాధానం వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, అదీ తప్పే. గాలి అడ్డును లెక్కలోనికి తీసుకొనకుంటే, చేయి విడిచినది మొదలు తిరిగి నేల తాకేవరకు ఆ రాతిపై ఉన్న బలం ఒక్కటే, భూమ్యాకర్షణ. పైకి పోయేటప్పుడూ అదే, ఆగినప్పుడూ అదే, పడేటప్పుడూ అదే. చేతి బలం చేతితోనే ఆగిపోయినది.

విచిత్రమేమంటే, ఇట్లు తప్పు చెప్పిన పిల్లలే న్యూటను మూడు సూత్రాలనూ అక్షరం పొల్లుపోకుండా అప్పగించగలరు. పాఠం నోటికి వచ్చినది గాని లోపలి ఊహ మారలేదు. ఈ చిక్కులో పెద్దపాలు మాటలదే అని నా అభిప్రాయం.

భౌతికశాస్త్రంతో తెలుగు పాఠాలు చెప్పేవానికేమి పని అని ఎవరైనా అడుగవచ్చును. బలం, వేగం, గురుత్వం అన్న మాటలను శాస్త్రం క్రొత్తగా పుట్టించుకొనలేదు. కావ్యాల నుండి, తర్కం నుండి, ఊరి వాడుక నుండి ఎరువు తెచ్చుకొన్నది. ఎరువు సొమ్ముతో పాటు పాత అర్థాలూ వెంట వచ్చినవి.

17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కొరకు రచించిన తర్కసంగ్రహాన్ని చూడండి. వస్తువు మొట్టమొదట పడడానికి కారణమైన గుణం గురుత్వమని అందులోని నిర్వచనం. 'మొట్టమొదట' అనడం ఎందుకంటే, ఆ మీదటి పతనాన్ని నడిపేది వేగమని తార్కికుల మతం. వారి వేగం మన పాఠ్యపుస్తకంలోని వేగం కాదు, వస్తువులో నిలిచి దానిని ముందుకు సాగించే ఒక సంస్కారం. తెలుగులో 'ఊపు' అంటే ఆ భావం చక్కగా అందుతుంది. గురుత్వం కూడా వారి దృష్టిలో మట్టిలోను నీటిలోను ఉండే సొంత గుణమే. దానిని మరొకటి లాగుతున్నదన్న ఊహ ఆ నిర్వచనంలో లేదు. బండి త్రోసినవానికీ, బంతి విసరినవానికీ అనుభవంలో తోచేది ఇదే గదా! రాతిలో చేతి బలం ఇంకా మిగిలి ఉన్నదన్న బాలుడు తనకు తెలియకుండానే తార్కికుల పక్షాన నిలిచినాడు. వానిని కసరి కూర్చోబెట్టడం కంటె ఆ పక్షం ఎక్కడ ఓడినదో చూపడం మేలు.

ఇటువంటి పక్షమే యూరపులోనూ ఉండేది. దానిని ఓడించినవాడు గెలీలియో. పీసా గోపురం మీదినుండి గుండ్లు విడిచినాడన్న కథ ప్రసిద్ధమే గాని, అది నిజంగా జరిగినదా అని చరిత్రకారులు సందేహిస్తారు. నిస్సందేహమైనది, 1638లో అచ్చయిన గ్రంథంలో అతడు వర్ణించిన వాలుపలక ప్రయోగం. పడే వస్తువు కంటికి అందనంత వడిగా పడుతుంది. ఆ వడిని తగ్గించడానికి కొయ్యపలకలో గాడి తీయించి, దానిని ఏటవాలుగా నిలిపి, కంచుగుండును దొర్లించినాడు. క్షణాలను కొలిచే గడియారాలు లేని కాలమది. పాత్రనుండి సన్నగా కారే నీటిని పట్టి, తూచి, ఆ తూకంతో కాలాన్ని కొలిచినాడు. మొదటి కాలభాగంలో గుండు ఒక పాలు దూరం దొర్లితే, అంతే కాలంలో తరువాత 3 పాళ్లు, ఆ తరువాత 5, ఆపైన 7. అనగా సమానకాలాలలో వడి సమానంగా పెరుగుతున్నదన్నమాట.

అంతకంటె పెద్దమాట మరొకటి ఉన్నది. వాలు దిగిన గుండు చదునైన నేలమీద సాగిపోతూ, రాపిడి తగ్గినకొద్దీ మరింత దూరం పోతుంది. రాపిడే లేకుంటే? ఆగడానికి కారణమే ఉండదు. పౌడరు చల్లని క్యారమ్ బోర్డు మీదా, చల్లిన బోర్డు మీదా ఒకే తీరున కాయను కొట్టి చూపితే పిల్లలకు ఇది క్షణంలో బోధపడుతుంది. కదలిక సాగడానికి బలం అక్కరలేదు; కదలిక మారడానికే కావలెను. తార్కికుని వేగానికి ఇక పనిలేదు.

బరువు మాట ఇంకొక చిక్కు. అంగడిలో అయిదు కిలోల బరువు బియ్యం అంటాము. శాస్త్రంలో కిలోగ్రాము ద్రవ్యరాశికి కొలత. బరువు అంటే భూమి లాగే బలం, దాని కొలత న్యూటను. రెండు తట్టల త్రాసును చంద్రునిపైకి తీసుకొనిపోయినా ఆ బియ్యం అయిదు కిలోలే తూగుతుంది, ఎందుకంటే తూకపురాయి కూడా అంతే తేలికపడుతుంది. స్ప్రింగు త్రాసు మాత్రం ఇక్కడ చూపినదానిలో ఆరవ వంతే చూపుతుంది. ద్రవ్యరాశిని నేను మొండితనమంటాను. పదిరెట్ల ద్రవ్యరాశిని భూమి పదిరెట్లు గట్టిగా లాగుతుంది, అది కదలడానికి పదిరెట్లు మొండికేస్తుంది. కనుక బరువైనదీ తేలికైనదీ ఒకే తీరున పడతాయి, గాలి అడ్డు రాకుంటే. 1971 ఆగస్టులో అపోలో-15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రతలంపై నిలిచి, ఒక చేతిలో సుత్తి, ఒక చేతిలో డేగ ఈక పట్టుకొని ఒక్కసారిగా విడిచినాడు. రెండూ కలిసే నేల తాకినవి. ఆ చలనచిత్రం నేటికీ చూడవచ్చును.

ఇక చంద్రుడు. పండు చెట్టునుండి పడడం అందరూ చూచినదే. ఆ పడడం ఎంత ఎత్తువరకు ఉన్నది, చంద్రుని దాకా ఉన్నదా అని అడగడంలో ఉన్నది న్యూటను గొప్పతనం. జొన్నచేను కాసే మనిషి వడిసెల త్రిప్పడం చూచినవారికి సగం జవాబు తెలిసినట్లే. త్రాడు రాతిని లోపలికి లాగుతూ ఉంటుంది గనుక రాయి చుట్టూ తిరుగుతుంది. త్రాడు విడిస్తే ఆ క్షణాన ఎటు పోతున్నదో అటే తిన్నగా పోతుంది. చంద్రునికి ఆ త్రాడు భూమ్యాకర్షణ.

లెక్క చూడండి. భూకేంద్రం నుండి మనమున్న దూరానికి చంద్రుడున్న దూరం సుమారు 60 రెట్లు. ఆకర్షణ దూరం యొక్క వర్గాన్ని బట్టి తగ్గితే అక్కడ 3600వ వంతు కావలెను. ఇక్కడ విడిచిన రాయి మొదటి సెకనులో సుమారు 4.9 మీటర్లు పడుతుంది. దానిని 3600 చేత భాగిస్తే మిల్లీమీటరున్నర కంటె కొంచెం తక్కువ. చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు ముందుకు పోతూ, తిన్నని గీత నుండి భూమివైపు ఒరిగేది అంతే! అతడు పడకుండా నిలిచినాడని మనం అనుకొంటున్నాము గాని, అనాదిగా పడుతూనే ఉన్నాడు. ముందుకు పోవడం వలన నేలను అందుకొనలేకున్నాడు. 1687లో ప్రకటితమైన న్యూటను మహాగ్రంథానికి ఈ లెక్క ఆయువుపట్టు.

ఇక్కడ భాస్కరాచార్యుని మాట వస్తుంది, రావలసినదే. 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో ఆయన భూమికి ఆకర్షణశక్తి ఉన్నదనీ, అది బరువైన వస్తువులను తనవైపు లాగుతుంటే అవి పడుతున్నట్లు కనిపిస్తాయనీ స్పష్టంగా చెప్పినాడు. దానికి గర్వించవచ్చును. కాని న్యూటను సూత్రం భాస్కరునిదేనని తరగతిలో చెప్పడం ఇద్దరికీ అన్యాయం. దూరంతో పాటు ఆ ఆకర్షణ ఏ లెక్కన తగ్గుతుందో, చంద్రుని ఏ లెక్కన నడుపుతుందో భాస్కరుడు చెప్పలేదు.

న్యూటను మరణించిన పిమ్మట, 1728లో అచ్చయిన ఒక పుస్తకంలో చిత్రమొకటి ఉన్నది. చాల ఎత్తైన కొండమీదినుండి అడ్డంగా ఫిరంగి పేల్చినట్లు ఊహించమంటాడు. వడి పెంచినకొద్దీ గుండు దూరంగా పోయి పడుతుంది. ఇంకా పెంచితే, అది పడినంత మేరా గుండ్రని భూమి కూడా క్రిందికి వంగిపోయి, గుండు భూమిని చుట్టి వస్తుంది. మన శ్రీహరికోటలో జరిగేది ఇదే. రాకెట్టు నిలువుగా లేచి, తరువాత అడ్డంగా వంగుతుంది. ఎత్తు ఒక్కటే చాలదు, అడ్డపు వడి కావలెను. తూర్పుముఖంగా పంపినప్పుడు భూభ్రమణం సెకనుకు దాదాపు 450 మీటర్ల వడిని ఉచితంగా ఇస్తుంది.

1984లో రాకేశ్ శర్మ, 2025లో శుభాంశు శుక్లా రోదసిలో తేలియాడినప్పుడు అక్కడ ఆకర్షణ లేదని చాలమంది అనుకొన్నారు. పత్రికలలో కనిపించే 'శూన్య గురుత్వం' అన్న మాట ఈ భ్రమను పెంచుతున్నది. శుక్లా ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నది. అక్కడ ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో నూటికి 88 పాళ్లు. అంత ఎత్తు గోపురం కట్టి పైన నిలబడగలిగితే, ఇక్కడ 60 చూపే స్ప్రింగు త్రాసు అక్కడ ఇంచుమించు 53 చూపుతుంది. యాత్రికులు తేలడానికి కారణం, వారూ వారి నౌకా కలిసి ఒకే తీరున పడుతూ ఉండడం. కాళ్లక్రింద నేల కూడా పడుతుంటే పాదాలు దేనిని అదుముతాయి? భారరహిత స్థితి అంటే చాలును.

దీనిని చూపడానికి రోదసికి పోనక్కరలేదు. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున, ప్రక్కగా మేకుతో చిల్లు పెట్టి, మూత తీసి నీరు నింపండి. చేతిలో పట్టుకొంటే చిల్లునుండి ధార కారుతుంది. మేడమీదినుండి విడవండి: పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. తరువాత మైదానంలో నిలబడి అదే సీసాను పైకి విసరండి. పిల్లలను జాగ్రత్తగా చూడమనండి. చేయి విడిచిన తక్షణమే, సీసా ఇంకా పైకి పోతుండగానే, ధార ఆగిపోతుంది.